గుట్ట మూడు మీద పారబోసిన నీళ్ళు

ఉదయం అయిదు గంటల ఇరవై నిమిషాలకు లారీ మమ్మల్ని గుట్ట కింద దింపింది. మే నెల. సరిహద్దులో కాల్పులు మొదలై అప్పటికి మూడు రోజులు. శంషాబాద్ విమానాశ్రయానికి తూర్పున, పహాడీ షరీఫ్‌కు దక్షిణాన, బండలు తప్ప మరేమీ లేని గుట్ట అది. దానికి పేరు లేదు. వైర్‌లెస్‌లో పిలవడానికి మావాళ్ళే ఒకటి పెట్టారు. గుట్ట మూడు.

నేను కేంద్ర బలగంలో పదకొండేళ్ళు పనిచేశాను. మా ఊరివాళ్ళకు బలగాల మధ్య తేడాలు తెలియవు, తెలుసుకోవాలనీ లేదు. తుపాకీ పట్టుకుంటే మిలిటరీయే. నన్ను ఇప్పటికీ మిలిటరీ సుజాత అంటారు. జమ్మూ వైపు బంకర్లో రెండేళ్ళు ఉన్నాను. గుండ్లు పడుతుంటే నేలను కరుచుకుని పడుకున్నాను. అయినా ఎవరైనా యుద్ధం సంగతి అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది జమ్మూ కాదు. మా ఇంటికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో, ఫామ్‌హౌస్‌లకు, ఫంక్షన్ హాళ్ళకు కూతవేటులో, పట్టపగలు జరిగిన ఈ సంగతే.

పోస్టులో ఆరుగురం. కమాండరు, మెషిన్‌గన్ మీద ఇద్దరు, వైర్‌లెస్ ఆపరేటరు, ఇద్దరు ఆడవాళ్ళం. నేను, హసీనా. హసీనా నాకంటే ఏడేళ్ళు చిన్నది. పుట్టి పెరిగింది పహాడీ షరీఫ్‌లోనే. గుట్ట మీద నిలబడితే ఉత్తరాన వాళ్ళ దర్గా కొండ కనిపించేది. పడమర వైపు బైనాక్యులర్ తిప్పితే, పొద్దున పూట, రన్‌వేకు అవతల హిమాయత్ సాగర్ నీళ్ళు తళుక్కుమనేవి. ఆ గట్టుకు ఇవతలే మా ఇల్లు. ఇద్దరి ఇళ్ళూ కంటికి ఆనుతున్నాయి. సెలవు మాత్రం ఎవరికీ లేదు.

ఆర్డరు సూటిగా ఉంది. విమానాలు దిగే దారిలో ఆకాశాన్ని చూడాలి. గుర్తు తెలియనిది ఏది ఎగిరినా దిక్కు, ఎత్తు, సమయం చెప్పాలి. కంట్రోల్ రూమ్ చెబితే జామర్ నొక్కాలి. జామర్ అంటే చూడడానికి లావుపాటి తుపాకీలా ఉంటుంది, గుండు ఉండదు. డ్రోన్‌కు, దాన్ని నడిపేవాడికి మధ్య సంబంధం తెంపేస్తుంది. బరువు ఏడు కిలోలు. ఒంటి మీద బులెట్‌ప్రూఫ్ జాకెట్ తొమ్మిది కిలోలు. హెల్మెట్ వేరే.

కమాండరు మంచివాడు. ఆడపిల్లలకు రాత్రి డ్యూటీ ఎందుకని, పై బండ మీద మా ఇద్దరికీ పగలు పది నుంచి సాయంత్రం ఆరు దాకా వేశాడు. ఆయన దయకు దండం పెట్టాలి. పదకొండు అయ్యేసరికి బండ మీద చెయ్యి పెడితే బొబ్బెక్కేది. నలభై రెండు డిగ్రీలు. నీడ అంటే నాలుగు వెదురు కర్రలు, ఒక వల.

బాత్రూమ్ గుట్ట కింద, గుడారాల పక్కన ఉంది. శుభ్రంగానే ఉంది. దిగడానికి పదకొండు నిమిషాలు, ఆ బరువుతో ఎక్కడానికి పదహారు. పై బండ మీద ఎప్పుడూ ఇద్దరుండాలి కాబట్టి ఒకరు దిగాలంటే వైర్‌లెస్ సెట్లో కంట్రోల్‌ను అడగాలి. కారణం చెప్పాలి. రిజిస్టరులో రాసుకున్నాక, కింది నుంచి ఒకడు ఎక్కి వచ్చాక అప్పుడు దిగాలి. అయిదు గుట్టల పోస్టులకూ ఒకటే ఛానెల్. ముప్పై మంది వింటారు. మగవాళ్ళకు ఈ గొడవే లేదు. బండ వెనక్కి వెళ్ళి వచ్చేవారు.

మొదటి రోజు మధ్యాహ్నం హసీనా అడిగింది. సెట్లో మాటలన్నీ హిందీలోనే, నేను తెలుగులో చెబుతున్నాను.

"కంట్రోల్, గుట్ట మూడు. ఒకరు దిగాలి."

"గుట్ట మూడు, కారణం చెప్పు."

హసీనా బటన్ నొక్కి పట్టుకుంది కానీ ఏమీ అనలేదు. వదిలేసింది. ఆ ఖాళీలో ఎవడో దగ్గాడు. దగ్గు కాదు, నవ్వు ఆపుకుంటే వచ్చే చప్పుడు. ఏ గుట్ట మీద నుంచో ఇప్పటికీ తెలియదు. హసీనా ముఖం కందిపోయింది. దిగలేదు. సాయంత్రం ఆరు దాకా ఓర్చుకుంది.

మర్నాడు ఉపాయం చెప్పింది నేనే. ఇది దాచను. జమ్మూలో పెద్దక్కలు నాకు నేర్పారు, నేను హసీనాకు నేర్పాను. నీళ్ళు తాగకపోతే సరి. పొద్దున తొమ్మిదిలోగా ఒక గ్లాసు. ఆ తర్వాత గంటకొకసారి సీసా మూతతో నోరు తడుపుకోవడం. అంతే. బలగంలో సగం మంది ఆడవాళ్ళు ఇలాగే ఏళ్ళు వెళ్ళదీశారు. దాన్ని మేం ఓర్పు అనుకునేవాళ్ళం, పైగా అందులో కాస్త గొప్ప కూడా ఉండేది.

ఒక్కటే చిక్కు. కమాండరు మనిషికి మూడు లీటర్లు ఇచ్చేవాడు. దిగేటప్పుడు సీసాలు తిరగేసి చూపించాలి. చుక్క కారినా తిట్టేవాడు, ఎండదెబ్బ తగిలితే నేను మీ అమ్మలకు ఏం చెప్పాలి అని. అందుకని రోజూ అయిదున్నరకు ఆ నీళ్ళు బండ మీద పారబోసేవాళ్ళం. ఖాళీ సీసాలు చూసి ఆయన సంతోషపడేవాడు. మిగతా మగవాళ్ళకు మమ్మల్ని చూపించి, వీళ్ళను చూసి నేర్చుకోండి అన్నాడు ఒకరోజు. మేం తల దించుకుని నవ్వుకున్నాం.

అయిదు, ఆరు, ఏడు రోజులు గడిచాయి. ఆకాశంలో గద్దలు, విమానాలు, ఒకసారి తెగిన గాలిపటం. ఏది కనిపించినా ముందు బైనాక్యులర్ ఎత్తేవాళ్ళం. ఎనిమిదో రోజు నుంచి హసీనాకు నెలసరి. ఆ మూత నీళ్ళు కూడా మానేసింది. తలనొప్పి అంది. పెదవులు పగిలాయి. జర ఓర్చుకో, ఇంకెన్ని రోజులు అన్నాను. అయిదు పోస్టులకూ కలిపి వైద్యం చూసే హవల్దార్ ఒకడు కింద ఉన్నాడు, ఆయనతో చెప్పొచ్చు. చెబితే ఆడవాళ్ళను పై బండ నుంచి దించేస్తారు. గుట్ట ఎక్కలేకపోయారంటారు. అది మాకు చావుకన్నా ఎక్కువ అనిపించింది. ఎంత బుద్ధి తక్కువతనమో ఇప్పుడు తెలుస్తోంది.

తొమ్మిదో రోజు. గాలి లేదు. నాలుగు గంటలకు హసీనా సీసాల వైపు చూస్తూ అంది.

"ఇప్పుడే పారబోద్దాం అక్కా. కండ్లముంగట ఉంటే పాణం గుంజుతున్నది."

వద్దు అనాల్సింది. సీనియర్ని నేను. కానీ నాకూ అలాగే ఉంది. ఇద్దరం కలిసి ఆరు లీటర్లు పారబోశాం. బండ చుయ్యిమంది. రెండు నిమిషాల్లో తడి కూడా లేదు.

నాలుగూ ముప్పై ఎనిమిదికి హసీనా బైనాక్యులర్ ఎత్తింది. తూర్పున ఫామ్‌హౌస్‌ల మీదుగా నల్లటి చుక్క. గద్ద కాదు. ఒకేచోట నిలబడింది, తర్వాత కదిలింది. నేను సెట్లో చెప్పాను. దిక్కు ఒకటి ఒకటి సున్నా, అంటే నూట పది డిగ్రీలు, ఎత్తు రెండు వందల మీటర్లు, ఇటే వస్తోంది. వెంటనే అన్ని పోస్టులకూ ఆర్డరు వచ్చింది. అందరూ ఉన్నచోటే ఉండాలి, ఎవరూ కదలకూడదు, ఇంకెన్ని వస్తున్నాయో తెలియదు. దిగబోతున్న ప్రయాణికుల విమానాన్ని పైకి మళ్ళించారు. ఇంజన్ల మోతకు బండ అదిరింది.

"గుట్ట మూడు, జామర్ ఆన్. చెప్పేదాకా వదలొద్దు."

భుజానికి ఎత్తి నొక్కాను. గురి తప్పకూడదు. తప్పితే అది తేరుకుని రన్‌వే మీదికి వెళ్ళిపోతుంది. దిక్కు చెబుతూ ఉండమని హసీనాకు చెప్పాను. ఒకటి ఒకటి సున్నా అంది. చుక్క జరిగింది. మళ్ళీ అదే అంది. చుక్క ఇంకా జరిగింది. మళ్ళీ అదే. గొంతు మొద్దుబారినట్టుంది. ఓరకంట చూశాను. బైనాక్యులర్ ఒళ్ళో ఉంది, ఆమె నేల చూస్తూ అంకెలు చెబుతోంది. ముఖం ఎర్రగా ఉంది. చెమట లేదు. ఆ ఎండలో, ఆ జాకెట్లో, ఒక్క చుక్క చెమట లేదు. తర్వాత పక్కకు ఒరిగిపోయింది. హెల్మెట్ బండకు తగిలిన చప్పుడు విన్నాను.

చేతులు రెండూ జామర్‌కే. ఆమె నా కాలి దగ్గర పడి ఉంది. మోకాలు ఆనించి చూశాను, ప్యాంటులోంచి కూడా వేడి తగిలింది. భుజం మీది మైకు గడ్డంతో నొక్కి చెప్పాను. మనిషి పడిపోయింది, ఎవరినైనా పంపండి అని. ఎవరూ కదలొద్దు, ఆగు అన్నారు. హవల్దార్ గొంతు వచ్చింది.

"నీళ్ళు తాగిందా?"

చుక్క పక్కకు జరిగింది, జామర్ దాని వెంట తిప్పాను.

"గుట్ట మూడు, సీసాలో ఉన్న నీళ్ళు తల మీద, మెడ మీద పొయ్యి. ఆలస్యం చెయ్యకు, మనిషి పోతుంది."

"నీళ్ళు లేవు."

"మూడేసి లీటర్లు ఇచ్చాం కదా, తాగేశారా?"

ముప్పై మంది వింటున్నారు. నేను ఆ క్షణంలో సిగ్గుపడ్డాననడం అబద్ధం. సిగ్గు పడేంత తీరిక లేదు. కోపం వచ్చింది, ముందు నా మీద, తర్వాత ఆ దగ్గిన వాడి మీద, తర్వాత అందరి మీద.

"పారబోశాం. ఎనిమిది రోజుల నుంచి తాగడం లేదు. ఇద్దరం. తాగితే దిగాలి. దిగాలంటే మీకు కారణం చెప్పాలి."

ఎవరూ దగ్గలేదు. కమాండరు గొంతు వినిపించింది. ఎవరూ కదలకండి, నేను ఎక్కుతున్నా అన్నాడు. యాభై రెండేళ్ళ మనిషి, మోకాలి నొప్పులు. ఇరవై లీటర్ల క్యాను భుజాన వేసుకుని పదహారు నిమిషాల ఎత్తును తొమ్మిది నిమిషాల్లో ఎక్కాడు. ఆ తొమ్మిది నిమిషాలూ నేను జామర్ దించలేదు. దించి ఆమె జాకెట్ అయినా విప్పాల్సిందా అని ఇప్పటికీ నన్ను నేనే అడుగుతుంటాను. ఆమెకు వినిపించేలా అంకెలు చెబుతూ ఉన్నాను. పేరు పెట్టి పిలిస్తే ఏడుపొస్తుందని అంకెలే చెప్పాను.

ఆయన పైకి చేరేసరికి చుక్క గిరగిర తిరిగి మామిడి తోటలో కూలింది. అది ఎవరిదో గంటలో తేలింది. ఫామ్‌హౌస్‌లో పెళ్ళి. పెళ్ళికూతురిని నలుగు పీటల మీద పైనుంచి వీడియో తీస్తున్నారు. డ్రోన్లు ఎగరేయొద్దని ఊరూరా చెప్పారు కదా అంటే, ఇది చిన్నదే కదా సార్ అన్నారట.

హసీనా ఒంటి వేడి నూట ఆరు. జాకెట్ కోసి, నీళ్ళు పోసి, వల మీద పడుకోబెట్టి నలుగురు కిందికి దించారు. దవాఖానలో పందొమ్మిది రోజులు ఉంది. బతికింది. కిడ్నీలు మాత్రం మునుపటిలా లేవు. ఎండలో నిలబడే డ్యూటీకి పనికిరాదని కాగితం ఇచ్చారు.

హసీనా పడిపోయిన మర్నాడే విచారణకు నన్ను పిలిచారు. ఎండదెబ్బ అని ఒక్క మాట రాస్తే సరిపోతుంది, నీ సర్వీసుకు మచ్చ ఎందుకు అన్నాడు కమాండరు మెల్లగా. మంచికే అన్నాడు. నేను రెండు పేజీలు రాశాను. మూతతో తడుపుకోవడం, పారబోయడం, ఖాళీ సీసాలు చూపించడం, అది నేర్పింది నేనని. మచ్చ పడింది. ఆ తర్వాత సెట్లో కారణం అడగడం మానేశారు. ఒక్క మాట అంటే చాలు, మనిషి ఎక్కి వచ్చేవాడు. ఇంత చిన్న మార్పుకు హసీనా ఒళ్ళు ఖర్చయింది. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు పళ్ళు నూరుకోవాలనిపిస్తుంది.

కాల్పులు ఆగాయి. పద్నాలుగో రోజు పోస్టు ఎత్తేశారు. ఆటో మాట్లాడుకుని ఇంటికి వెళ్ళాను. ముప్పావు గంట ప్రయాణం. వీధిలో వాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. డ్రోన్ కథ చెప్పమన్నారు. పెళ్ళి వీడియో అనగానే అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ళు వెళ్ళిపోయాక బాపు దగ్గరికి వచ్చి అడిగాడు.

"అంత దూరం జమ్మూ పోయొచ్చినప్పుడు కూడ గిట్ల లేవు బిడ్డా. ఇంటిపక్క గుట్ట మీద ఏమైంది నీకు?"

ఏమీ లేదు, ఎండ అన్నాను.

రెండు పేజీల్లో రాయనిది, బాపుకు చెప్పనిది ఒకటుంది. కమాండరు పైకి వచ్చి క్యాను దించినప్పుడు నేను గ్లాసు తీసుకుని హసీనా తల ఒళ్ళో పెట్టుకున్నాను. కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి. నేనెవరో తెలుస్తున్నట్టు లేదు. గ్లాసు పెదవులకు ఆనించాను. నీళ్ళు తగలగానే నోరు గట్టిగా మూసుకుంది. పళ్ళు బిగించింది. నా చేతిని పక్కకు తోసింది, అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో. తాగు హసీనా, తాగమ్మా అంటున్నాను. ఆమె కమాండరు వైపు దొంగచూపు చూసి, నా చెవికి మాత్రమే వినపడేట్టు అంది.

"ఒద్దక్కా. డ్యూటీ ఇంకో గంట ఉన్నది గదా."