జమ్మలమడుగు బండల మధ్య ఒక ఊపిరి పరీక్ష

ఊపిరితిత్తులు ఎలా పనిచేస్తాయో కొన్నేళ్ళుగా పుస్తకాల్లో చదువుతున్నాను. బండల పనివాళ్ళ శ్వాసను కొలిచే పరిశోధనలో సహాయకురాలిగా చేరాక, వాళ్ళు పీల్చే రాతి దుమ్మును ఎప్పుడూ దగ్గర నుంచి చూడలేదని గుర్తొచ్చింది. అందుకే శనివారం పొద్దున ప్రొద్దుటూరు బస్టాండుకు వెళ్ళాను.

జమ్మలమడుగుకు పల్లెవెలుగు బస్సులో ముప్పావు గంట. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ ఉచితం. అక్కడి నుంచి ఊరి బయటి బండల పాలిష్ ఫ్యాక్టరీలకు షేర్ ఆటోలో ఇరవై రూపాయలు. నా ఒళ్ళోని పెట్టె చూసి డ్రైవరు, "ఏంది పాపా అది, ఓట్ల మిషనా?" అన్నాడు. ఊపిరి కొలిచేదని చెప్పాను. "నాది కొలవద్దులే. బీడీల సంగతి ఇంట్లో తెలుస్తాది" అని నవ్వాడు.

పరిశోధన నడిపే మా డాక్టరు మేడం అప్పటికే షెడ్డు పక్కన బల్ల వేయించారు. మొదట వచ్చింది ఓబులమ్మ. ఆమెది కొండాపురం వైపు పల్లె. పొలం రిజర్వాయరు నీళ్ళలో మునిగిపోయాక భార్యాభర్తలు ఈ పనికి వచ్చారు. బండలు కోసీ కోసీ భర్త ఊపిరితిత్తులు బిగుసుకుపోయే దుమ్ము జబ్బుతో చనిపోయాడు. ఇప్పుడు ఆమెకు ఆయాసం.

"మా ఇంటాయనకొచ్చిందే నాకూ వచ్చిందా? అదొకటి సెప్పు, సాలు" అంది.

పెట్టెకున్న గొట్టం ఆమె నోట్లో పెట్టి, "దీపం ఆర్పినట్టు గట్టిగా ఊదండి" అన్నాను. ఆమె గొట్టం తీసేసింది.

"దీపాన్ని నోటితో ఊదుతారా ఎవురన్నా? నీకు ఇంట్లో సెప్పలేదా?"

మళ్ళీ పెట్టుకున్నా సగం ఊపిరే వదిలింది. పెట్టె తెర మీద గీత చూస్తే ఆమె భర్తకులాగే ఊపిరితిత్తులు బిగుసుకుపోయినట్టు ఉంది.

వెనక నిలబడ్డ తోడికోడలు నాగమ్మ ఊరుకోలేదు. "గ్యాస్ అయిపోయిన నాడు ఈమె కట్టెల పొయ్యి ఊదితే బూడిదంతా నా మొగానే కొడ్తాది. ఈడ సూడు, పెండ్లికూతురు మాదిరి సిగ్గుపడతాంది."

నేను దీపం మాట వదిలి పొయ్యి మాట ఎత్తుకున్నాను. "కట్టెలు తడిగా ఉన్నాయి, అంటుకోవడం లేదు. ఒక్కసారిగా ఊదండి. ఇంకా, ఇంకా!" యంత్రాల మోతలోనూ నా కేక విని పాలిష్ పట్టేవాళ్ళు తిరిగి చూశారు. ఓబులమ్మ కళ్ళు మూసుకుని ఊపిరంతా ఊదేసింది.

ఈసారి మొత్తం గాలి బాగానే వచ్చింది, కానీ మెల్లగా. మొదటి సెకనులో రావలసినంత రాలేదు. ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలు ఇరుకైతే అలా ఉంటుంది. మేడం ఇన్హేలరు పీల్పించి, పావుగంట ఆగి మళ్ళీ ఊదించారు. గీత నిటారుగా లేచింది.

"మందుకు గొట్టాలు తెరుచుకుంటున్నాయి. మీ ఆయనకొచ్చిన జబ్బులా కనిపించడం లేదు. ఎక్స్‌రే కూడా చూసి ఖాయం చేద్దాం. బండలు కోసే చోటికి మాత్రం పోవద్దు" అన్నారు మేడం.

ఓబులమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "అయితే దీనికీ ఊదించండి. నోరుండాది గానీ ఊపిరి ఉందో లేదో" అని నాగమ్మను ముందుకు తోసింది.

తిరుగు బస్సులో ఆ మొదటి గీతే తలపుకొచ్చింది. దాన్ని నమ్మి ఉంటే ఆమెకు తప్పు జవాబు చెప్పి పంపేవాళ్ళం. ఎక్స్‌రేకు సోమవారం ప్రొద్దుటూరు వస్తానంది. ఆ పొద్దున ఆస్పత్రి గుమ్మం దగ్గర నేనే ఉంటాను.

ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళు మధ్యాహ్నం భోజనాల వేళకు చేరుకోండి. యంత్రాలు ఆగుతాయి, మాట వినబడుతుంది. వాళ్ళు తినకముందే ఊదించండి, తిన్న వెంటనే మాత్రం ఎవరి చేతా వద్దు.