మూడో పిలుపు

అందరూ పంతులమ్మ అనేవారు గానీ ఆవిడ ఏడో తరగతి గడప దాటలేదు. ఆవిడ శిష్యులకి బడి లేదు, పలక లేదు, ఆకలి అసలే లేదు. ఇళ్ళల్లో చాకిరీ చేసే మరమనుషులకి పని నేర్పడం ఆవిడ ఉద్యోగం. నవ్వకండి. చిన్నప్పటి నుంచి గిన్నెలు తోమిన చేతులకి ఒకనాటికి జీతంతో పాటు మర్యాద కూడా దొరికితే ఎవరు మాత్రం కాదంటారు?

అంతకుముందు పదిహేనేళ్ళు లాండ్రీలో పని. దుప్పటి మడతపెట్టడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. నాలుగు మూలలూ కలిపి, వేళ్ళ వెనక వైపుతో రెండుసార్లు రాసిందంటే ఇస్త్రీపెట్టె సిగ్గుపడాల్సిందే. మరమనుషుల కంపెనీ సూపర్‌వైజరు తన చొక్కాల కోసం వచ్చి, ఆ చేతులు చూస్తూ నిలబడిపోయి, చొక్కాలు అక్కడే మర్చిపోయాడు. మర్నాడు మళ్ళీ వచ్చి ఆవిడను పనిలో పెట్టుకున్నాడు.

మొదట కంపెనీలోనే ఒక ఉత్తుత్తి ఇల్లు కట్టి అందులో పని చేయించారు. అక్కడ ఆవిడ చేతులు కొయ్యబారిపోయాయి. పదిమంది చూస్తున్నారంటే తిన్నగా నడవడం కూడా రాదు కదా మనిషికి.

"మీరు నటిస్తున్నారమ్మా. నటిస్తే మరబొమ్మ కనిపెట్టేస్తుంది, ఆ ముక్క నేర్చుకోకుండా తీసి పారేస్తుంది," అన్నాడు సూపర్‌వైజరు.

చివరికి చేతులకి పల్చటి తొడుగులు, నుదుటికి చూసిందీ విన్నదీ బొమ్మలకి అందించే చిన్న కెమెరా ఉన్న పట్టీ ఇచ్చి, "మీ ఇంట్లో మీ పని మీరు చేసుకోండి. మేమున్నామన్న సంగతే మర్చిపోండి," అని పంపేశాడు. ఆరు నెలలు అలాగే చేసింది. నిజంగానే మర్చిపోయింది కూడా.

భర్త లారీ డ్రైవరు. వారానికోసారి వచ్చి, కడుపునిండా తిని, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయి వెళ్తాడు. తక్కిన రోజులన్నీ ఇంట్లో పంతులమ్మ, పక్కగదిలో మంచం మీద అత్తగారు. ఆవిడకి నడుము పడిపోయి నాలుగేళ్ళు. నోటికి మాత్రం ఏ జబ్బూ లేదు. "అమ్మాయీ" అని రోజుకి ముప్ఫైసార్లు పిలుస్తుంది. మొదటి ఏడాది పంతులమ్మ ప్రతి పిలుపుకీ పరుగెత్తింది. సబ్బు నురగ చేతులతో వెళ్తే, "టైమెంతయింది?" అనేది ముసలావిడ. పొయ్యి ఆపి వెళ్తే, "కిటికీ మీద ఆ మరక నిన్న ఉందా?" అనేది. ఒళ్ళు మండదా మరి?

అందుకని పంతులమ్మ ఎవరికీ చెప్పకుండా ఒక పద్ధతి పెట్టుకుంది. మొదటి పిలుపు చెవిన వేసుకోదు. రెండో పిలుపుకి చేతిలో ఉన్న గుడ్డ మడతపెట్టి, ఇంకొకటి అందుకుంటుంది. మూడోది వస్తే అప్పుడు లేస్తుంది. నిజంగా అవసరమైతే మూడోసారి పిలవదా ఏం? అలా తన మనసుకి తనే సర్దిచెప్పుకుంది. ఆ విద్యలో మనందరం పండితులమే.

ఆవిడ దగ్గర నేర్చుకున్న మరమనుషులు నాలుగు వేల ఇళ్ళకి వెళ్ళాయి. కంపెనీవాళ్ళు ఆవిడ చేతులు చూసి మురిసిపోయారు. చెవుల సంగతి ఎవరికీ తట్టలేదు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక సూపర్‌వైజరు పని నేర్పేవాళ్ళందర్నీ పెద్ద తెర ముందు కూర్చోబెట్టాడు. ఒక ఇంటి హాల్లో ఉన్న కెమెరా తీసిన వీడియో వేశాడు. ఆ ఇంట్లో ఒక పెద్దాయన ఒంటరిగా ఉంటాడు, ఒకప్పటి దర్జీ. స్నానాల గదిలో కాలు జారి పడ్డాడు. ఆయన కనబడడు, గొంతు వినబడుతుంది. హాల్లో మరమనిషి తువ్వాళ్ళు మడతపెడుతోంది.

"ఇలా రా ఒకసారి," అంది ఆ గొంతు. అందులో కంగారు లేదు. పడ్డవాళ్ళకి ముందు సిగ్గేస్తుంది, తర్వాతే నొప్పి తెలుస్తుంది. మరమనిషి కదల్లేదు.

"రా... ఇలా రా." ఈసారి గొంతు సన్నబడింది. మరమనిషి చేతిలో తువ్వాలు దొంతర మీద పెట్టి, ఇంకొకటి అందుకుంది. నాలుగు మూలలూ కలిపింది. వేళ్ళ వెనక వైపుతో రెండుసార్లు రాసింది.

మూడో పిలుపు రాలేదు. మరమనిషి ఇంకో తొమ్మిది తువ్వాళ్ళు మడతపెట్టింది, అన్నీ ఒకే కొలతలో.

పంతులమ్మ గుర్తుపట్టింది. తెర మీద ఆడుతున్నవి తన చేతులు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకముందే రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. ఆవు చేలో మేస్తుంటే దూడ గట్టున మేస్తుందా?

"నలభై నిమిషాలకి కూతురొచ్చి చూసింది. పెద్దాయన ఆస్పత్రిలో ఇంకా కళ్ళు తెరవలేదు," అన్నాడు సూపర్‌వైజరు. "ఆ బొమ్మని తెచ్చి పరీక్షించాం. మూడోసారి పిలిస్తేనే కదులుతోంది. మైకు లోపం. సోమవారం నుంచి నాలుగు వేల ఇళ్ళల్లోనూ మైకులు మార్చేస్తాం."

పక్కన కూర్చున్న వంటమాస్టరు ఆవిడ చెవిలో, "పాపం పెద్దాయన. కానీ ఆ మడత చూశావా, అచ్చం నీదే," అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు.

అది మైకు లోపం కాదని ఆవిడకి తెలుసు. చెబితే ఉద్యోగం పోతుంది, మర్యాద అంతకంటే ముందే పోతుంది. చెప్పకపోతే? కొత్త మైకులతో బొమ్మలు మొదటి పిలుపును ఇంకా బాగా వింటాయి. విని, కదలవు. నాలుగు వేల ఇళ్ళల్లో ఇంకెవరు ఎప్పుడు జారిపడతారో ఏ దేవుడికి తెలుసు? తలనొప్పని చెప్పి లేచి వచ్చేసింది.

తలుపు తాళం తీసిందో లేదో, లోపల్నుంచి వినబడింది. "అమ్మాయీ."

చెప్పులతోనే పరుగెత్తింది. ముసలావిడ ఉలిక్కిపడింది.

"ఏమైంది? లారీకేమన్నా అయిందా?"

"ఏం కాలేదత్తయ్యా. పిలిచారుగా, వచ్చాను."

"పిలిచాననుకో. అప్పుడే వచ్చేశావేం?"

"ఏం కావాలో చెప్పండి."

"ఇంకా ఏమీ అక్కర్లేదే."

పాత చిరాకు మళ్ళీ గొంతులోకి వచ్చింది. "మరెందుకు పిలిచారు?"

ముసలావిడ బస్సుల వేళలు చెప్పినంత మామూలుగా చెప్పింది. "నువ్వు మూడో పిలుపుకి కదా వస్తావు. దాహం వేశాక మొదలుపెడితే నోరు ఎండిపోతుంది. అందుకని కాస్త ముందే ఒకటీ రెండూ పిలిచేసి ఉంచుకుంటాను. పక్క తడవకుండా ఉండాలంటే ఇంకా ముందు నుంచే పిలవాలి. మూడేళ్ళుగా బాగానే సాగిపోతోందిగా. ఇవాళేంటి కొత్తగా?"

పంతులమ్మ మంచం పక్కన నేల మీద కూలబడింది. ముసలావిడ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే నాలుగు మాటలు ఎదురు చెప్పి గట్టెక్కేది. ఇన్నేళ్ళూ ఆ గదిలో ఒక మనిషి తన దాహానికి ముందే ముహూర్తం పెట్టుకుని పిలుస్తోందా? మరి ఆ దర్జీకి ఈ పద్ధతి ఎవరు చెప్పారు? పడబోయే ముందే రెండుసార్లు పిలిచి ఉంచుకోవాలని ఆయనకెలా తెలుస్తుంది?

ఫోను తీసింది. సూపర్‌వైజరు నంబరు నొక్కింది.

"సార్, మైకు లోపం కాదు," అంది. "ఆ బొమ్మకి బాగానే వినబడింది. నాకూ మా అత్తగారి పిలుపు బాగానే వినబడుతుంది. మొదటి రెండు పిలుపులకీ నేను లేవను. ఆరు నెలలు అది చూసింది అదే."

"ఈ మాట ఇందాకే చెప్పాల్సింది కదమ్మా," అన్నాడు సూపర్‌వైజరు.

"మూడేళ్ళ కిందటే మానుకోవాల్సింది సార్."

"సరే, బొమ్మలన్నీ ఇవాళే ఆపించేస్తాను. మీ ఉద్యోగం సంగతి నా చేతిలో లేదు. కానీ రేపు ఒక్కసారి తొడుగులు వేసుకుని, మొదటి పిలుపుకే లేచి వెళ్ళి చూపించండి. నేర్పినవాళ్ళే దిద్దాలి."

"రేపు వద్దు సార్," అంది పంతులమ్మ. ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ చూడలేదు. "రేపు చేస్తే నటన అవుతుంది. బొమ్మ కనిపెట్టేస్తుంది. ముందు నన్ను నేర్చుకోనివ్వండి."

ఫోను పెట్టేసి తలెత్తి చూసింది. ముసలావిడ పిలవడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఇకమీదట ఎన్నిసార్లు పిలవాలో ఆవిడకి తెలియలేదు.