మంచుకొండల్లో ముందు ఉరికే మనిషి

కేతేపల్లికి కొంచెం ఎడంగా ఉన్న ఒక ఊళ్లో పెద్దులు అనే మనిషి పని ఏమిటంటే, దొర కచ్చరం బండి కదిలినప్పుడల్లా ఎడ్ల ముందు ఉరకడం. ఉరుకుతూ "తప్పుకోండ్రి, దొర వస్తుండు" అని ఒర్రడం. ఎడ్లు నడిస్తే నడకలో, పరుగందుకుంటే పరుగులో వాటికంటే ముందుండాలి. సాయంత్రానికి ఎడ్లకు గడ్డీ కుడితీ దొరుకుతాయి. పెద్దులుకు ఏమీ దొరకదు, ఎందుకంటే అది వెట్టి. కూలి ఇస్తే ఇక వెట్టి ఎట్లా అవుతుందని గడీలో అడిగేవారు. ఆ తర్కంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. దొరలకూ వెట్టివాళ్లకూ నడుమ తరతరాల ఆప్యాయత ఉండేదని చెప్పేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. వాళ్లలో ఎవరూ ఎడ్ల ముందు ఉరికి ఉండరు.

పెద్దులు గొంతు చాలా పెద్దది. మూసీ ఇవతల ఒర్రితే అవతలి గట్టున బట్టలు ఉతికేవాళ్లు చేతిలోది వదిలేసి నిలబడేవారు. దొర అమరేందర్ రావుకు ఆ గొంతంటే గర్వం. తక్కిన దేశ్‌ముఖుల ఇళ్ల ముందు మోటార్లు నిలబడి ఉంటే ఉండనీ, ఇలాంటి గొంతు ఎవరి దగ్గరా లేదని ఆయన ధీమా. పెద్దులు కొడుకు గాలయ్యది సన్న గొంతు. చిక్కంతా అక్కడే వచ్చింది. తండ్రి మోకాళ్లు అరిగిపోయాయి, నాలుగడుగులు వేస్తే రొమ్ములో పిల్లికూతలు మొదలవుతున్నాయి. ఈ ముసలాయన ఏదో ఒకనాడు ఎడ్ల కాళ్ల కిందే పడి పోతాడని గాలయ్య భయం. బాపును వదిలిపెట్టండి, ఆయన బదులు నేను ఉరుకుతానని గడీ ముందు నిలబడి అడిగేవాడు. దొర ఒకసారి ఒర్రి చూపమనేవాడు. గాలయ్య నరాలు ఉబ్బేదాకా ఒర్రేవాడు. దొర తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్లిపోయేవాడు.

ఇట్లా ఉండగా హైదరాబాదులో ఏదో విందులో మరో దేశ్‌ముఖు తాను తన తల్లిని కాశ్మీరం తీసుకుపోయి మంచుకొండలన్నీ తిప్పి చూపించానని, వెంట ఒక గైడు కూడా ఉన్నాడని చెప్పుకున్నాడు. అమరేందర్ రావుకు ఆ రాత్రి బిర్యానీ సహించలేదు. ఊరికి రాగానే తానూ తల్లిని తీసుకుపోతున్నట్టు ప్రకటించాడు. ఆ ఎండాకాలం సంఘపోళ్లు కూడా ఊళ్లమ్మట తిరుగుతూ, వెట్టి చేయించుకోవద్దని సర్కారే ఫర్మానా ఇచ్చిందని జనానికి చదివి వినిపిస్తున్నారు. నెల రోజులు ఊళ్లో లేకపోవడం కూడా ఒక ఉపాయమే. ఆ తల్లి దొరసాని మాత్రం ఒకే ఒక్క మాట అడిగింది. అక్కడి ఐసూ, పట్నంలో సోడాలో వేసే ఐసూ ఒకటేనా, వేరువేరా అని.

దొర ఎక్కడికి పోయినా ముందు ఒకడు ఉరకాలి. కాశ్మీరం కూడా ఎక్కడికో ఒక చోటికి పోవడమే గనక పెద్దులుకు కబురు వచ్చింది. సామాన్లు మోయడానికి గాలయ్య. ఈసారి గాలయ్య దొర కాళ్లు పట్టుకుని వదల్లేదు. దొర ప్రయాణం హుషారు మీద ఉన్నాడు.

"ఈ తిరుగుడు ఒక్కటి సాగనియ్యిరా," అన్నాడు. "వచ్చినంక మీ అయ్య ఉరుకుడు మాఫ్. అటెన్క నువ్వే ఉరుకు."

గాలయ్య నమ్మాడు. తాను ఉరకడం గురించి అతనికి ఫికర్ లేదు. బాపు ఆగితే చాలు.

రైలుకు ముందు ఉరకడం కుదరదని స్టేషన్‌లో తేలింది. దొర కాసేపు ఆలోచించి, తండ్రీకొడుకులను ఇంజనుకు ఆనుకుని ఉన్న మూడో తరగతి పెట్టెలో కూర్చోబెట్టించాడు. ఆ లెక్కన వాళ్లు దొరకంటే ముందే పోతున్నట్టు. స్టేషన్ వచ్చినప్పుడల్లా పెద్దులు దిగి, మొదటి తరగతి పెట్టె దాకా ఉరికి, ప్లాట్‌ఫారం మీద టీ అమ్మేవాళ్లను తప్పుకోమని ఒర్రి, మళ్లీ ఇంజను దాకా ఉరికి ఎక్కేవాడు. ఊళ్లో కంటే ఈ ఉరుకే ఎక్కువైంది. రావల్పిండిలో రైలు దిగి కిరాయి మోటారు ఎక్కారు. దాని ముందు ఒక మలుపు దాకా ఉరికాక డ్రైవరుకు ఓపిక నశించి, ముసలాయన్ని బానెట్ పక్కన మడ్‌గార్డు మీద కూర్చోబెట్టాడు. పెద్దులు అక్కడినుంచే జీలం నది పొడుగునా గొర్రెలను తప్పుకోమంటూ పోయాడు. శ్రీనగర్ చెరువులో దొర, దొరసాని ఒక పడవలో, వాళ్లకు ముందు ఇంకో పడవలో తండ్రీకొడుకులు. పెద్దులు ఒర్రితే బాతులు నిజంగానే తప్పుకున్నాయి. దొరకు సంతోషమైంది. దొరసాని తమలపాకులు అయిపోయాయని గొణుక్కుంటోంది.

గైడు పేరు గఫార్ డార్. పొట్టిగా, ఎర్రటి గడ్డంతో ఉంటాడు. ఎవరేం చెప్పినా పూర్తిగా విని, తాను చేసేదే చేస్తాడు. దొరతో ఉర్దూలో మాట్లాడేవాడు. పట్నంలో మూటలు మోసిన రోజుల పుణ్యమా అని గాలయ్యకూ ఆ భాష సగం పట్టుబడింది.

సోనామర్గ్‌లో డేరాలు వేసుకున్న సాయంత్రం దొర దుప్పటి కప్పుకుని చలి కాగుతూ, పెద్దులును మెచ్చుకున్నాడు. చల్లగాలికి ముసలోని గొంతు ఇంకా తేటపడిందన్నాడు. ఇంత కొండ మీద ఇంత బాగా ఉరికినవాడు మన ఊళ్లో ఇంకో రెండు మూడేళ్లు ఉరకలేడా అని తల్లినే అడిగినట్టు అడిగాడు. కట్టెలు ఎగదోస్తున్న గాలయ్య చేతిలోని కొరివి అట్లాగే ఆగిపోయింది. మాఫ్ అన్నారు గద దొరా అని అడగబోతే దొర అప్పటికే వేరే మాటలోకి పోయాడు. పెద్దులు డేరా బయట దగ్గుతున్నాడు. ఆ గొంతు తేటపడిన సంగతి అతనికి ఇంకా తెలియదు.

మర్నాడు పొద్దున మంచు చూడబోయారు. పుస్తకాల్లో హిమానీనదం అని రాస్తారు. గాలయ్యకు అది కొండ సందులోంచి ఊరి మీదికి జారి వస్తూ నడుమలో ఆలోచన మార్చుకుని ఆగిపోయిన ఒక మురికి తెల్లని బండలాగా కనిపించింది. అంచుదాకా దొరసాని డోలీ మీద, దొర గుర్రం మీద వచ్చారు. అక్కడ మొదటి పేచీ చెప్పులతో మొదలైంది. దొర ముందు వెట్టివాళ్లు చెప్పులు తొడగరు. వట్టి కాళ్లతో మంచు ఎక్కితే వేళ్లు రాలిపోతాయని గఫార్ డార్ అన్నాడు, తన సంచిలోంచి గడ్డితో అల్లిన జోళ్లు తీశాడు. దొర వాటిని తిప్పి తిప్పి చూశాడు. చివరికి అవి తోలువి కావు గనక చెప్పులు కావని తీర్పు చెప్పాడు.

రెండో పేచీ తాడు. మంచు కింద కనిపించని గుంతలు ఉంటాయి, పోయినేడు ఒకదాంట్లో గుర్రం పడి ఇంకా పైకి రాలేదు, అందుకని అందరూ ఒకే తాడుకు నడుములు కట్టుకోవాలని గైడు చెప్పాడు. తాడు పశువులకు కడతారని దొర అన్నాడు. తాడు లేకపోతే అమ్మగారికి మంచు కూడా లేదని గైడు అన్నాడు. ఇంతదూరం వచ్చి ఐసు ముట్టకుండా పోయేది లేదని దొరసాని నడుము ముందుకు పెట్టింది. ముందు గైడు, అతని వెనుక దొర, తర్వాత దొరసాని, ఆ తర్వాత గాలయ్య, కొసకు పెద్దులు. తాడు మీద ఒకరికీ ఇంకొకరికీ ఎడం సమానమే.

"మావోడు ముందుండాలె," అన్నాడు దొర. "గది మా రివాజు."

గఫార్ డార్ ఓపిగ్గా, ఇక్కడ ముందున్నవాడి పని గుంతలు చూడడమని, ముసలాయన గుంతలో పడితే తాడు కట్టుకున్నందుకు దొర కూడా అతని వెనుకే పోవాల్సి ఉంటుందని వివరించాడు. దొర రివాజును కొంచెం సడలించాడు. పెద్దులు వెనుకే ఉండనీ, ఒర్రడం మాత్రం ఒర్రాలి.

పెద్దులు రొమ్ము నిండా గాలి పీల్చి ఒర్రాడు. "తప్పుకోండ్రి, దొర వస్తుండు." ఆ మంచు మీద తప్పుకోవడానికి ఎవరూ లేరు. ఎదుటి కొండ మాత్రం ఆ మాటే అంతకంటే పెద్ద గొంతుతో తిరిగి అన్నది. తప్పుకోండ్రి. దొర వస్తుండు. అమరేందర్ రావు ఒక అడుగు పక్కకు జరిగాడు. భయంతో జరిగాడో మర్యాదకు జరిగాడో గాలయ్యకు తేలలేదు.

పైన ఒక మంచుగడ్డ విరిగి జరజరా కిందికి జారింది. గైడు ముఖం మొదటిసారి మారింది. ఇక ఎవరూ గట్టిగా మాట్లాడొద్దు, అరిస్తే కొండ మన మీదే పడుతుందన్నాడు. గాలయ్య ఆ మాట తండ్రి చెవిలో చెప్పాడు. ఏళ్ల తరబడి కచ్చరం చక్రాల చప్పుడు వెనుక వినీ వినీ పెద్దులుకు చెవులు మందగించాయి.

"ఉరకొద్దన్నరు," అన్నాడు పెద్దులు ఆలోచిస్తూ. "ఒర్రొద్దన్నరు. ఇగ నాకేం పని?"

అని మంచు మీద కూర్చున్నాడు. కోపంతో కాదు. పని లేనప్పుడు మనిషి కూర్చుంటాడు.

తాడు బిగిసింది. గాలయ్య ఆగాడు, దొరసాని వెనక్కి తూలింది, దొర నడుము కలుక్కుమన్నది. గైడు వెనక్కి తిరిగి చూసి నిలబడ్డాడు. అందరికంటే మెల్లగా నడిచేవాడిని బట్టే తాడు నడుస్తుందని అన్నాడు.

"గాలిగా, లేపురా మీ అయ్యను," అన్నాడు దొర పళ్ల సందునుంచి.

గాలయ్య వంగి తండ్రి చంకలో చెయ్యి వేశాడు. చొక్కా కింద పిల్లికూత చేతికి తగిలింది. పెద్దులు మాత్రం పైకి చూస్తున్నాడు. ఎడ్ల డెక్కలకు ముందు ఏ రాయి ఉందో చూసుకుంటూ బతికిన మనిషి, కాశ్మీరమంతా బాటనే చూస్తూ వచ్చాడు.

"గాలీ, గా కొండ సూడు," అన్నాడు. "కొసకెల్లి పొగ లేస్తాంది. గక్కడ ఎవలన్న అన్నం వండుతున్నరా?"

అది గాలికి లేచే మంచుపొడి. గాలయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"లేవకు బాపు," అన్నాడు.

చిన్నగానే అన్నాడు. కానీ అక్కడ చిన్న మాట కూడా తాడు పొడుగునా వినపడింది. ఏమన్నావని దొర అడిగాడు. గాలయ్య గొంతు ఎప్పటికంటే సన్నబడింది. అయినా చెప్పాడు.

"లేవొద్దన్న దొరా. ఉరుకుడు మాఫ్ అన్నరు. గది అయితేనే లేస్తడు."

ఊరికి పోయాక ఏమేం జరుగుతుందో దొర గుసగుసగా చెప్పాడు. గుడిసె పీకించడం, గూడెంలో నీళ్లు బంద్ చేయించడం, చింతబరికె. గుసగుసగా చెబితే అవి గాలయ్యకు ఇంకా భయం గొలిపాయి.

"ఊరు శాన దూరం ఉన్నది దొరా," అన్నాడు. పొగరుగా అనలేదు. ఉన్న సంగతి చెప్పాడు.

దొర ముడి విప్పబోయాడు. విప్పితే తనకు జవాబుదారీ లేదని గైడు చూపుడువేలితో ఒక నీలపు చీలికను చూపించాడు. ముడి మీది చెయ్యి వెనక్కి వచ్చింది. ఇంతలో దొరసాని కూడా కూర్చుంది, ఎట్లాగూ ఆగాం గదా అని. కూర్చుని పక్కనున్న మంచు ఒక ముక్క గిల్లి నోట్లో వేసుకుని, సోడా ఐసు కంటే చప్పగా ఉందని తేల్చింది. గఫార్ డార్ కూర్చుని సిగరెట్ ముట్టించాడు. తాడు మీద నిలబడినవాళ్లు ఇద్దరే మిగిలారు, ఇద్దరూ కొడుకులే.

గొడవ ఏమిటని గైడు గాలయ్యను అడిగాడు. గాలయ్య వచ్చీరాని ఉర్దూలో చెప్పాడు. గైడు అంతా విని, తన వృత్తికి సంబంధించిన విషయం గనక ఆసక్తిగా అడిగాడు.

"మీ ఊరి బాటలో గుంతలు ఎక్కువా?"

"లేవు."

"మరి ముందు ఒకడు ఎందుకు?"

గాలయ్య దొర వైపు చూశాడు. గైడు కూడా దొర వైపే చూశాడు. అమరేందర్ రావు నోరు తెరిచి, చలిగాలి లోపలికి పోవడంతో మూసుకున్నాడు.

కొండ వెనుక మబ్బు కమ్ముతోంది. అది వచ్చిందంటే దారి కనిపించదని గైడు సిగరెట్ ఆర్పుతూ చెప్పాడు.

"మాఫ్ అనరాదురా," అన్నది దొరసాని కొడుకుతో. "కొడుకుది గూడ మాఫ్ అను. నా కాళ్లు కొయ్యబారినయి. మీ రివాజుల కోసం నేను ఈడ సావాల్నా?"

దొర కొండ వైపు తిరిగి మాఫ్ అన్నాడు. బాపుకు వినపడలేదని గాలయ్య అన్నాడు. అది నిజమే. గట్టిగా చెప్పడానికి వీల్లేదు, గైడు పెదవుల మీద వేలు పెట్టుకుని కూర్చున్నాడు. అమరేందర్ రావు దేశ్‌ముఖు, గైడు వదులు చేసిన తాడు పట్టుకుని, తల్లిని దాటి, గాలయ్యను దాటి కొస దాకా వచ్చి, నడుము వంచి, పెద్దులు చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాల్సి వచ్చింది.

"మాఫ్. నీదీ, నీ కొడుకుదీ."

పెద్దులు ముఖంలో సంతోషం ఏమీ కనిపించలేదు. దిగులు కనిపించింది. మరి దొర వస్తుండని జనానికి ఎట్ల తెలుస్తదని అడిగాడు. తెల్వకపోతే పాయె అన్నది దొరసాని, లేవడానికి చెయ్యి చాపుతూ. ఆ చేతిని గాలయ్య పట్టుకుంటే అంటు అవుతుందా అని ఒక క్షణం అందరూ ఆలోచించారు. ఆమె ఆగలేదు, పట్టుకునే లేచింది.

దిగేటప్పుడు గైడు వెనుక ఉండాలి, పైనుంచి తాడు పట్టుకోవడానికి. అది అక్కడి పద్ధతి. దొర తన చోటికి పోయాక అందరూ ఉన్నచోటనే వెనక్కి తిరిగారు. తిరిగేసరికి అందరికంటే ముందు పెద్దులు ఉన్నాడు. వెనుక దొర ఉన్నాడని తెలియగానే అతని కాళ్లు వాటంతట అవే ఉరుకు అందుకున్నాయి. గాలయ్య తాడు గట్టిగా లాగి పట్టాడు.

"మెల్లగ నడువు బాపు. ఎన్కకు ఎవలు లేరనుకో."

పెద్దులు నాలుగడుగులు నడిచాడు. నడవడం అలవాటు లేక అడుగులు తడబడ్డాయి. మంచు కింద ఎక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు, చెవికి కాకపోయినా అరికాలికి తెలిసినట్టుంది. ఆగి, వంగి, అరచెయ్యి మంచు మీద ఆనించి చూస్తూ ఉండిపోయాడు. అతని వెనుక గాలయ్య ఆగాడు. దొరసాని ఆగింది. ఆమె వెనుక దొర, దొర వెనుక గైడు.