మా మామగారి నూరు అంగలు

మా ఊరు చేట వాల్చినట్టుంటుంది. పడమర ఎత్తులో ఎర్రనేల, చెరువు, ఇళ్ళు. తూర్పున పల్లంలో నలభై ఎకరాల నల్లనేల. ఊరంతా తినే గింజ అక్కడే పండుతుంది. ఆ పల్లానికి నలభై ఏళ్ళుగా నీళ్ళు పంచుతున్నది మా మరిది. మనిషి పొట్టి. కాలవ గట్టు మీద ముందు భుజాన పార కనిపిస్తుంది, ఆ తర్వాత ఆయన కనిపిస్తాడు. అందరి మళ్ళూ తడిశాకే మా మడికి నీళ్ళు వదిలేవాడు. ఇంటికొస్తే నా చేత చీవాట్లు.

"ముందు మనది తడుపుకుంటే రేపు నా మాట ఎవడు వింటాడు వదినా?" అనేవాడు. నా నోరు మూయించగలిగిన మనిషి ఆయనొక్కడే, అదీ అప్పుడప్పుడు.

పోయినేడు ఎండల్లో పల్లానికి అడ్డంగా రోడ్డు వేస్తామని ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. కాగితం చూసి మా మరిది మొహం మాడిపోయింది.

"ఇక్కడ వాగుంది బాబూ. రోడ్డు కింద తూము పెట్టాలి."

"వాగెక్కడ తాతా? అంతా దున్నిన చేనేగా!"

నిజమే. మా మామగారి చిన్నప్పుడు పెద్ద వరదొచ్చి వాగు ఉత్తరానికి తిరిగిపోయింది. పాత వాగు ఒండ్రుతో పూడిపోతే జనం దున్నుకున్నారు. కానీ పెద్ద వాన పడితే నీళ్ళు ఇప్పటికీ ఆ దారే వెతుక్కుంటాయి. తూము లేకుండా రోడ్డు గట్టు పోస్తే నీళ్ళు నిలిచి నలభై ఎకరాలూ కుళ్ళి ఊరుకుంటాయి.

"పాత వాగు ఎక్కడో చూపిస్తే రాసుకుంటా. మధ్యాహ్నానికి వెళ్ళిపోవాలి," అన్నాడు ఇంజనీరు.

మా మరిదికి ధీమా. పొలిమేర రాయి నుంచి దక్షిణంగా నూరు అంగలు వేసి తవ్వితే వాగు గుండ్రాళ్ళు తగులుతాయని తన చిన్నప్పుడే వాళ్ళ నాన్న చెప్పాడట. అంగలు లెక్కపెట్టి ఇద్దరు కూలీల చేత నడుములోతు తవ్వించాడు. ఉత్త నల్లమట్టి. నేను మంచినీళ్ళ బిందెతో వెళ్ళేసరికి గొయ్యి అంచున తల పట్టుకుని కూర్చున్నాడు. ఇంజనీరు గడియారం చూసుకుంటున్నాడు.

"ఎన్ని అంగలు వేశావయ్యా?"

"నూరు వదినా. రెండుసార్లు లెక్కపెట్టా."

"ఎవరివి?"

"ఎవరివేంటి? నావే!"

"నీవెందుకయ్యా! మామగారు చెప్పింది ఆయనవి. ఆయన కాళ్ళు పాక మోసే నిట్రాళ్ళు, నీవి పీటకాళ్ళు."

కూలీలు గొల్లుమన్నారు. మా మరిది మాత్రం తన కాళ్ళకేసి చూసుకుంటూ ఉండిపోయాడు.

"టేపుతో కొలుద్దాం మామ్మా," అన్నాడు ఇంజనీరు.

"కొలుచుకో నాయనా. మా మామగారి అంగ ఎంతో నీ టేపుకి తెలిస్తే."

నాకు తెలుసు. కొత్తకోడలిగా అన్నం గంప నెత్తిన పెట్టుకుని ఆయన వెనకాల పొలానికి నడిచినదాన్ని. ఆయన ఒక్క అంగకి నేను రెండడుగులు వెయ్యాలి. ఆయన వెనక్కి తిరిగి చూసి ఒక్కసారి ఆగితే ఒట్టు!

"ఇప్పుడు మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, రెండుకి మూడు వేస్తా. నువ్వు లెక్కపెట్టు నాయనా," అని రాయి దగ్గర మొదలుపెట్టా. గొయ్యి దాటిపోయాం. మూడొందల దగ్గర ఆగి, "ఇక్కడ," అన్నా.

తవ్వారు. మోకాలిలోతుదాకా నల్లమట్టే. ఇంతమందిలో అంత డాబు పోయానే అని నన్ను నేనే తిట్టుకున్నా. ఇంకో జానెడు దిగేసరికి పార ఖంగుమంది. గుండ్రాయి. దాని పక్కన ఇంకోటి. కింద తెల్లటి ఇసుక.

మా మరిది ఆ రాయిని చొక్కాతో తుడిచి ఇంజనీరు చేతిలో పెట్టాడు. "ఇదిగో బాబూ, వాగు."

ఆ అబ్బాయి అక్కడే కాగితం మోకాలి మీద పెట్టుకుని గీత గీశాడు. రెండు తూములు రాశాడు.

రోడ్డు పడింది. ఈ వానాకాలం మూడు రోజులు తెరిపి లేకుండా కురిసింది. నాలుగోరోజు పొద్దున్నే మా మరిది ఒళ్ళంతా బురదతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"రెండు తూముల్లోంచీ నీళ్ళు ఉరికిపోతున్నాయి వదినా. పల్లంలో నారు ఒక్క మొక్క కూడా ఒరగలేదు."

"అలా నిలబడి చెప్పకపోతే ముందు కాళ్ళు కడుక్కోరాదూ," అన్నా. కళ్ళు తుడుచుకోవడానికి నాకూ కాస్త వ్యవధి కావాలిగా!