పత్రిక రాని వారం

నాచారంలో మేముండే వాకిలి చుట్టూ ఆరు గదులు. తడబడకుండా చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఫ్యాక్టరీకి సెలవైన ఆదివారం మధ్యాహ్నాలు వారపత్రికలోని సీరియల్ నవల పైకి చదివేవాణ్ణి. ఎవరికైనా ఉత్తరం వస్తే చదివిపెట్టి జవాబు రాసేవాణ్ణి. రెండు పనులూ ఒకటి కావని నాకు తెలియకపోలేదు.

పక్క గదిలోని అక్క దవాఖానాలో ఆయా. ఆమె తల్లి ఊరినుంచి వంకర అక్షరాలతో ఇన్‌లాండ్ లెటర్లు రాసేది. ఒకదానిలో "నీ బిడ్డ పెద్ద బడికి పోతనంటున్నది" అని ఉంది. చదువుతూ ఆగిపోయాను; నాకు తెలిసి ఊళ్లో అక్కకు బిడ్డ ఎవరూ లేరు. ఊళ్లో తన చెల్లెలిగా పెరుగుతున్న పిల్ల, పెళ్లికి ముందు తనకు పుట్టిన కూతురేనని అక్క చెప్పింది. భర్తకు తెలియదు. ఎవరికీ చెప్పనని నా చేత బైబిల్ మీద ఒట్టు పెట్టించుకుంది.

"క్రిస్మస్ ఎల్లంగనే ఆయనకు జెప్త తమ్మి. పిల్లను తెచ్చుకుంట. గట్లనే రాయి."

రాశాను.

తర్వాత మూడో ఆదివారం ఉప్పల్ చౌరస్తాలో పత్రిక దొరకలేదు. రాలేదని చెబితే సరిపోయేది. కానీ చాపలు పరుచుకుని వాకిలంతా నా కోసం కూర్చుని ఉంది. ఆ ఎదురుచూపుకు నేను అలవాటు పడ్డాను. పాత సంచిక తెరిచి, చదువుతున్నట్టు నటిస్తూ సొంతంగా అల్లడం మొదలుపెట్టాను. కాసేపటికే మూల గది పెద్దమ్మ ఆవలించింది.

"గింతేనా? పోయిన వారమే మంచిగుండె."

అప్పుడన్నాను, కథానాయిక చెల్లెలు నిజానికి చెల్లెలు కాదు, కూతురని.

ఎవరూ కదల్లేదు. ఆ నిశ్శబ్దం నాకు నచ్చింది. తర్వాతే అక్క వైపు చూశాను. బియ్యం చెరుగుతున్న చాట ఆమె చేతుల్లో ఆగిపోయింది. ఆమె నన్ను చూడటం లేదు, గడపలో కూర్చున్న భర్తను చూస్తోంది.

"మొగనికెరుకనా?" అడిగాడతను.

"ఇంకా లేదు బావా."

"నీకే గట్లయితె ఏం జేస్తవు కొడుకా?" అంది పెద్దమ్మ నవ్వుతూ.

బావ బీడీ నేలకేసి నలిపాడు. "ఏం జేసుడేంది. పిల్లతోని కలిపి బస్సెక్కిస్త. ఇన్నేండ్లు నన్ను పిచ్చోన్ని జేసినట్టే గద."

"అబ్బో, మరి పొద్దుగాల నీకు అన్నమెవరు వండుతరు?" అంది పెద్దమ్మ.

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది.

బావ మంచివాడే. కథ గురించి మాట్లాడుతున్నాననుకున్నాడు. నిజంగా ఎదురైతే ఏం చేసేవాడో ఎవరికీ తెలియదు. ఆ తెలియకపోవడం మీదే అక్క ధైర్యం నిలబడి ఉంది. దాన్ని నేను ఊడబెరికాను, పెద్దమ్మ ఆవలించిందన్న చిన్న కారణానికి.

మర్నాడు బావ డ్యూటీకి వెళ్లాక అక్క ఇన్‌లాండ్ లెటర్ తెచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"రాయి తమ్మి. పిల్లను తోలియ్యద్దని రాయి. బడి ఆడనే జూడుమను."

"అక్కా, బావ ఊకెనే ఏదో..."

"నువ్వు రాయి."

తప్పు నాదని, బావ మాట పట్టుకుని తొందరపడొద్దని, పిల్లను తెచ్చుకోమని చెప్పాల్సింది. చెబితే నేను చేసిన పని నా నోటితో ఒప్పుకోవాలి. తల వంచుకుని రాశాను. చదివి వినిపించమంది. రెండోసారి కూడా చదివించుకుంది.

"నువ్వు కలిపిందేం లేదు గద?"

లేదన్నాను. ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని, మడతలు తానే పెట్టి, అంచులు తడిచేసి అతికించింది.