ఆవిడ విన్న ఆలస్యం

గ్రేటర్ నోయిడా నుంచి ఢిల్లీ వచ్చే బస్సులో, నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని, నా ఒళ్లో లాప్‌టాప్ చూసి పక్కసీటు ఆంటీ ఒక పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టింది. ఆర్మీలో పనిచేసే వాళ్లాయన ఇంట్లో కీబోర్డు మీద వాయించి దాచిన పాటట. ఫోన్లో పలకడం లేదట. కరోల్ బాగ్ షాపువాడు ఫైలు పాడైందన్నాడట.

పాడవలేదు. అది మిడి ఫైలు. లాప్‌టాప్ నల్లతెర మీద ఒక లైను కమాండ్ కొట్టి, ఫోన్లో పలికే ఆడియోగా మార్చాను. ఇయర్‌ఫోన్స్ ఇస్తూ ముందే చెప్పాను.

"ఇందులో అంకుల్ వాయించిన శబ్దం ఉండదాంటీ. ఏ కీ ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కారో అదొక్కటే ఉంటుంది. మీకు వినపడే శబ్దం నా లాప్‌టాప్‌ది."

"ఠీక్ హై, పెట్టు బాబూ."

కాసేపు విని నవ్వింది. "ఆయనే. పాటలో ఇక్కడికొచ్చేసరికి ఎప్పుడూ ఆలస్యమే. మళ్లీ అక్కడే పెట్టు."

శబ్దమే ఆయనది కానప్పుడు ఆయనెలా దొరికాడో నాకు అర్థం కాలేదు. నేనూ విన్నాను. ఒకచోట తాళం కొంచెం తప్పింది, అంతే.

"సరిచెయ్యమంటారా? ఇంకో కమాండ్ చాలు."

ఆవిడ నా వంక వింతగా చూసింది. "సరిచేస్తే ఇంక ఇందులో ఆయనెక్కడుంటారు?"

అంకుల్ ఇప్పుడెక్కడున్నారని అడిగేలోగా ఆవిడ దిగాల్సిన స్టాపు వచ్చేసింది. ఆయన దూరపు పోస్టింగులో ఉన్నాడో, అసలు ఉన్నాడో లేడో నాకిప్పటికీ తెలియదు. ఎవరి మిడి ఫైలు మారుస్తున్నా, తాళం సరిచేసే కమాండ్ దగ్గర మాత్రం నా చెయ్యి కాస్త ఆలస్యమవుతుంది.