బాలలక్ష్మి చీరెల కంచె

కొడిమ్యాల అడివి అంచున గౌండ్ల సాయిలు చేను. పేరుకు సాయిలుదే గానీ పెత్తనమంతా ఆయన భార్య బాలలక్ష్మిది. పొద్దున లేస్తే సాయిలు మోకు, ముస్తాదు వేసుకొని కల్లు గీయడానికి ఈతవనానికి పోతాడు. దున్నించడం, కలుపు, కాపలా అన్నీ ఆమె తల మీదే.

ఆ యాసంగిలో పల్లికాయ వేసింది. గింజ ఊరే వేళకు అడవిపందులు దిగుతాయి. మంద దిగిందంటే తెల్లారేసరికి నాగలి లేకుండానే చేను దున్నినట్టు. వెనకట అయితే మంట వేసుకొని, మంచె ఎక్కి, డబ్బా కొడుతూ కాపలా పడుకునేవాళ్లు. ఇప్పుడు అడివిలో నక్సలైట్ అన్నలు, బాట మీద పోలీసులు. రాత్రి చేనులో దీపం కనబడితే అన్నలకు అన్నం పెడుతున్నావా అని వీళ్లు, పోలీసులకు జాడ చెబుతున్నావా అని వాళ్లు. పొద్దుగూకితే ఊరంతా తలుపులు వేసుకునేది. ఇక రాజ్యం పందులదే.

సాయిలు ఒకనాడు ఇనుప తీగ చుట్ట తెచ్చి అరుగు మీద పడేశాడు.

"మోటరు కాడికెళ్లి కరెంటు గుంజి చేను సుట్టు కడ్త. ఐలయ్య కట్టలేదా?"

"ఐలయ్య తీగకు ఏం పడ్డదో మర్సిపోయినవా?"

నిరుడు పక్క చేను ఐలయ్య తీగకు పడింది పంది కాదు, సూడి దుప్పి. చచ్చినా దాని కళ్లు తెరిచే ఉన్నాయి. ఆ పూట బాలలక్ష్మికి ముద్ద దిగలేదు.

"అడివి వాటిది, చేను మనది. నడుమ అడ్డం పెట్టాలె గని పాణం తియ్యద్దు. గీ ఒక్క పంట నాకిడువు. పందులు మేస్తే నీ తీగ నువ్వు కట్టుకో, నోరు మెదప."

"మేస్తే యేడాది ఏం తింటమే?"

అన్నాడు గానీ తీగ చుట్టను పక్కకు పెట్టాడు. ఆ భయం ఆమెకూ నిండుగా ఉంది.

మనిషి వాసనకు పంది జంకుతుందని పెద్దల మాట. ఊరంతా తిరిగి పాత చీరెలు అడుక్కొచ్చింది. ఉతకనివే కావాలంటే అమ్మలక్కలు పకపకా నవ్వారు. వాటిని చేను చుట్టూ గుంజలకు కట్టింది. చాలకపోతే తన పెళ్లినాటి ఎర్ర చీరె కూడా తీసి అడివి దిక్కున, మిగతా ఎర్రవాటి సరసన కట్టింది. ఎర్ర గుడ్డ కనబడితే అన్నల జెండా అనుకునే కాలంలో ఎర్ర చీరెను గుంజకు కడతారా ఎవరైనా! పిచ్చితల్లి, ఆమెకు పందులు తప్ప వేరే ధ్యాస లేదు.

మరునాడే జీపు వచ్చి ఆగింది.

"ఎవలు చెప్తే కట్టినవ్ గీ జెండలు?" ఎస్సై ఉరిమాడు.

"జెండలెక్కడియి సారూ? నా లగ్గం చీరె. పందులకు కట్టిన."

"పందులకు చీరెలు కడ్తవా?"

కానిస్టేబుళ్లు నవ్వారు గానీ, ఎర్రగా ఉన్నవన్నీ పీకేశారు. లగ్గం చీరె కొంగు చినిగింది. సాయిలు గట్టు మీద నిలబడి చూశాడు.

జీపు పోయాక బాలలక్ష్మి ఆ చీరె ఒళ్లో పెట్టుకొని ఏడ్చింది. పందులు దిగే దిక్కే బార్లా తెరిచి ఉంది. ఇక మొగడు తీగ కడతాడు, పాణం తియ్యద్దన్న తన మాట పోయినట్టే అనుకుంది.

సాయిలు వనానికి పోయాడు. ఈత చెట్లను కల్లు గీతకు సిద్ధం చేసేటప్పుడు కింది కమ్మలు నరికేస్తారు. వాటి మొదళ్ల నిండా సూదుల్లాంటి ముళ్లు. వాటిని మోపులుగా మోసుకొచ్చి, చీరెలు పీకిన చోట దడి కట్టడం మొదలుపెట్టాడు. చేతులు రెండూ గీరుకుపోయి నెత్తురు కారుతోంది.

"తీగ కడ్తనంటివి?"

"నీ చీరె గుంజినోళ్లను ఏం జెయ్యలేకపోతి. నీ మాటనన్న నిలవెట్టద్దానే?"

బాలలక్ష్మి కళ్లు తుడుచుకొని తానూ ఒక కమ్మ అందుకుంది.

పందులు రాకపోలేదు. పొద్దున చూస్తే దడి పొడవునా అడుగులు ఉండేవి, తిరిగి అడివిలోకే పోయేవి. "పోండ్రి తల్లీ, అడివిల గడ్డలు తవ్వుకోండ్రి" అని సాగనంపేది బాలలక్ష్మి.

పల్లికాయ పీకే రోజు కొంగు కుట్టుకొని అదే ఎర్ర చీరె కట్టుకుంది. చెట్టు పీకితే కాయలు గుత్తులు గుత్తులు. కూలికొచ్చిన ఆడవాళ్లు పాట అందుకున్నారు. అంతలో అదే జీపు వచ్చి ఆగింది. పాట ఆగిపోయింది. బాలలక్ష్మి మాత్రం ఒడినిండా కాయలతో ఎదురుపోయింది.

"తినుండ్రి సారూ, కొత్త పంట. ఇప్పుడు చెప్పుండ్రి, గిది జెండనా, చీరెనా?"

ఎస్సై కాయ ఒలుస్తూ నవ్వు ఆపుకోలేకపోయాడు. "చీరెనే తల్లీ, చీరెనే!"

మళ్లీ యాసంగికి ఐలయ్య చేను చుట్టూ కూడా చీరెలు లేచాయి. సాయిలు తెచ్చిన తీగ కూడా వృథా పోలేదు. దాన్ని వాకిట్లో ఈ గుంజ నుంచి ఆ గుంజకు కట్టాడు. ఉతికిన ఎర్ర చీరె దాని మీదే ఆరుతుంది.